మన గడియారం ఏ ఊరి సూర్యుణ్ణి చూపిస్తోంది?

సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసేశాం. మిగిలినదంతా వక్త మాటల్లోనే ఉంది.

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా ఒక కేసుతో మొదలుపెడతాను. 1858 నవంబరులో ఇంగ్లండ్‌లోని డార్చెస్టర్ కోర్టుకు ఒక భూమి తగాదా వచ్చింది. విచారణ ఉదయం 10 గంటలకు. కోర్టు గడియారంలో 10 దాటింది. కేసు పిలిచారు. ప్రతివాది తరఫున ఎవరూ లేరు. న్యాయమూర్తి కాసేపు చూసి వాది వైపు తీర్పు ఇచ్చేశారు. అంతలో ప్రతివాది మనుషులు వచ్చారు. తాము ఆలస్యం చేయలేదని, ఊరి గడియారంలో ఇంకా 10 కాలేదని వాళ్ల వాదన.

ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. కోర్టు గడియారాన్ని గ్రీనిచ్ సమయానికి, అంటే లండన్‌లోని గ్రీనిచ్ వేధశాల చెప్పే సమయానికి పెట్టారు. ఊరి గడియారాన్ని ఊరి సూర్యుడికి పెట్టారు. రెండింటికీ మధ్య దాదాపు 10 నిమిషాలు తేడా. ఆ 10 నిమిషాల మీద ఒక కుటుంబం భూమి ఆధారపడి ఉంది. విషయం పైకోర్టుకు వెళ్లింది. అక్కడి న్యాయమూర్తులు ఏం తేల్చారో తెలుసా? 10 గంటలంటే ఆ ఊరి 10 గంటలే, కాబట్టి విచారణ మళ్లీ జరగాలి అని. అంటే 1858లో చట్టం దృష్టిలో అసలు సమయం ఊరి సూర్యుడిది. గ్రీనిచ్ సమయం రైళ్లవాళ్లు తమ సౌకర్యానికి పెట్టుకున్నది, అంతే. బ్రిటన్ అంతటికీ చట్టప్రకారం ఒకే సమయం 1880లో గానీ రాలేదు.

ఈ కేసుతో ఎందుకు మొదలుపెట్టానంటే, మనం చేతి గడియారం చూసి అందులో ఉన్నది ప్రకృతి ఇచ్చిన సమయం అనుకుంటాం. కాదు. అది ఎవరో ఒకప్పుడు ఒక అవసరం కోసం తీసుకున్న నిర్ణయం. నేను ఈరోజు అడుగుతున్నది ఒక్కటే. ఆ అవసరం ఇంకా ఉందా? లేకపోతే ఆ నిర్ణయాన్ని మళ్లీ తెరిచి చూడవద్దా?

అప్పుడు ఏమైందో కొంచెం చూద్దాం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. మీకు పడమర దిక్కున ఒక డిగ్రీ దూరంలో ఉన్న ఊరికి మధ్యాహ్నం మీకన్నా 4 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. గుర్రం మీద వెళ్లేవాడికి ఈ తేడాతో పనిలేదు. రోజంతా ప్రయాణించి దిగినవాడు కొత్త ఊరి గడియారం చూసుకుని సర్దుకునేవాడు. రైలు వచ్చాకే చిక్కు వచ్చింది. ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు బళ్లు నడిపేటప్పుడు ఇద్దరు గార్డుల గడియారాలు వేరువేరు ఊళ్ల సమయం చూపిస్తే ప్రాణాలు పోతాయి. అందుకని 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన లైను మొత్తానికి లండన్ సమయం పెట్టింది. ఊళ్లు వెంటనే ఒప్పుకోలేదు. బ్రిస్టల్ నగరంలో కార్న్ ఎక్స్చేంజ్ భవనం మీద ఒక గడియారం ఉంది, ఇప్పటికీ ఉంది. దానికి నిమిషాల ముల్లులు రెండు. ఒకటి లండన్ నిమిషం, ఇంకొకటి బ్రిస్టల్ నిమిషం. రెండింటి మధ్య 10 నిమిషాల ఎడం. రైలుకు వెళ్లేవాడు ఒక ముల్లు చూసేవాడు, ఊళ్లో పని ఉన్నవాడు రెండోది చూసేవాడు. ఆ గడియారాన్ని కాసేపు మనసులో ఉంచుకోండి. నేను చెప్పాలనుకున్నదంతా దాని మీదే ఉంది.

అమెరికాలో చిక్కు ఇంకా పెద్దది. అక్కడి రైలు కంపెనీలు యాభై దాకా వేరువేరు సమయాలు వాడేవి. చివరకు కంపెనీలన్నీ కూర్చుని 1883 నవంబరు 18న, ఆదివారం, దేశాన్ని మండలాలుగా, అంటే ఒక్కోదానిలో అంతటా ఒకే సమయం ఉండే ప్రాంతాలుగా విడగొట్టి గడియారాలు సరిచేసుకున్నాయి. ప్రభుత్వం చెప్పలేదు. చట్టసభ ఓటు వేయలేదు. జనాన్ని ఎవరూ అడగలేదు. మరి చట్టం ఎప్పుడు వచ్చిందంటారా? 1918లో. ముప్ఫై అయిదేళ్లపాటు ఒక దేశం రైలు కంపెనీలు పెట్టిన సమయంలో, చట్టం ఆసరా లేకుండానే బతికింది.

1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలు సమావేశమై గ్రీనిచ్‌ను మూల రేఖాంశంగా, అంటే తూర్పు పడమరల లెక్క మొదలయ్యే గీతగా ఎంచుకున్నాయి. మండలాలు అక్కడే పుట్టాయని చాలామంది అనుకుంటారు, పుట్టలేదు. ఏ దేశం ఏ సమయం పెట్టుకోవాలో ఆ సమావేశం చెప్పలేదు. అది దేశాల ఇష్టానికే మిగిలింది. ఫ్రాన్స్ అయితే 1911 దాకా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నప్పుడు కూడా చట్టంలో గ్రీనిచ్ పేరు రాయలేదు. తమ సమయం అంటే పారిస్ సమయం కన్నా 9 నిమిషాల 21 సెకన్లు వెనక ఉన్నది అని రాసుకున్నారు. లెక్కవేస్తే అది గ్రీనిచ్ సమయమే! ఇదంతా పంతం అని కొట్టిపారేయకండి. తమ మధ్యాహ్నం ఎప్పుడో తామే చెప్పుకోవాలన్న కోరిక అందులో ఉంది. బొంబాయి నగరం కూడా అంతే. 1906లో దేశమంతటికీ ఒకే సమయం వచ్చిన తర్వాత కూడా 39 నిమిషాలు వెనక ఉన్న తన పాత గడియారాన్ని చాలా ఏళ్లు వదులుకోలేదు.

అప్పట్లో సమయం ఎలా అందేదో ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. లండన్‌లో రూత్ బెల్విల్ అనే ఆవిడ ఉండేది. ఆమె దగ్గర మంచి గడియారం ఒకటి ఉండేది, పేరు ఆర్నాల్డ్. వారం వారం గ్రీనిచ్ వేధశాలకు వెళ్లి దాన్ని సరిచూపించుకుని, తేడా ఎంతో రాయించుకుని, నగరంలోని గడియారాల దుకాణాలకు నడిచి వెళ్లి ఆ సమయాన్ని అమ్మేది. ముందు ఆమె తండ్రి, తర్వాత తల్లి, ఆ తర్వాత ఆమె. 1940 దాకా సాగింది ఆ వృత్తి. సరైన సమయం దొరకడం అంత కష్టమైన రోజుల్లో, ఒక్కో ఊరికి ఒక్కో సమయం లెక్కగట్టడం ఎవరివల్ల అవుతుంది? అందుకే దేశమంతా ఒకే సమయం పెట్టుకోవడం అప్పుడు తెలివైన పని. నేను రైళ్లవాళ్లను తప్పుపట్టడం లేదు. వాళ్ల స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు.

కానీ ఇప్పుడు? మీ అందరి జేబుల్లో ఫోను ఉంది. మీరు ఎక్కడున్నారో దానికి తెలుసు. ప్రపంచంలోని ఏ ఊళ్లో ఇప్పుడు ఎంత అయిందో క్షణంలో చెబుతుంది. విమానం టిక్కెట్టు కొంటే బయలుదేరే సమయం ఒక ఊరిది, దిగే సమయం ఇంకో ఊరిది. మీరేమైనా లెక్క వేశారా? లేదు, యంత్రం వేసింది. లోపల ఆ యంత్రాలన్నీ ఒకే ప్రపంచ సమయాన్ని నమ్ముకుని నడుస్తాయి. మనకు చూపించేటప్పుడు మాత్రమే స్థానిక సమయంగా మార్చి చూపిస్తాయి. అంటే రైళ్ల కాలంలో మనుషుల మీద వేసిన బరువును ఇప్పుడు యంత్రాలు మోస్తున్నాయి. బరువు దిగిపోయినా మనం మాత్రం ఇంకా వంగే నడుస్తున్నాం.

ఒక కర్ర, ఒక నీడ

ఇక్కడ మీ అందరికీ ఒక పని చెబుతాను. దయచేసి చేయండి. ఎండ పడే చదునైన నేల మీద ఒక కర్రను నిటారుగా పాతండి. ఉదయం పది ప్రాంతంలో దాని నీడ కొన ఎక్కడుందో గుర్తు పెట్టి, సమయం రాసుకోండి. కర్ర మొదలు కేంద్రంగా, ఆ గుర్తు మీదుగా ఒక వృత్తం గీయండి. నీడ పొట్టిదవుతూ వృత్తం లోపలికి వెళుతుంది. తర్వాత మళ్లీ పెరుగుతూ వస్తుంది. మధ్యాహ్నం అది వృత్తాన్ని తాకిన క్షణం మళ్లీ సమయం రాసుకోండి. ఆ రెండు సమయాలకు సరిగ్గా మధ్యలో ఉన్నదే మీ ఊరి అసలు మధ్యాహ్నం. అప్పుడు మీ గడియారం 12 చూపించిందా? చాలామందికి చూపించదు.

ఒక జాగ్రత్త. భూమి సూర్యుడి చుట్టూ ఏడాది పొడవునా ఒకే వేగంతో తిరగదు, దాని అక్షం కూడా వంగి ఉంటుంది. అందువల్ల ఒకే ఊళ్లో కూడా సూర్యుడి మధ్యాహ్నం ఏడాదిలో కొంచెం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నవంబరు మొదట్లో దాదాపు 16 నిమిషాలు ముందే వస్తుంది, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఏప్రిల్ మధ్యలోనో, సెప్టెంబరు మొదట్లోనో ఈ పని చేస్తే ఆ తేడా ఉండదు. అప్పుడు మిగిలే తేడా మొత్తం మనుషులు పెట్టిందే.

ఆ తేడా ఎంత దాకా వెళుతుందో చూడండి. స్పెయిన్ పడమటి కొసన వీగో అనే ఊరు ఉంది. రేఖాంశం ప్రకారం అది గ్రీనిచ్‌కు పడమరన ఉంది. కానీ 1940లో స్పెయిన్ తన గడియారాన్ని గ్రీనిచ్ కన్నా గంట ముందుండే మధ్య యూరప్ సమయానికి జరిపింది, యుద్ధం అయిపోయాక వెనక్కి తిప్పలేదు. ఫలితం ఏమిటి? వీగోలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి చలికాలంలో గడియారం ఒంటిగంటా 35 నిమిషాలు చూపిస్తుంది. వేసవిలో గడియారాన్ని ఇంకో గంట ముందుకు జరుపుతారు కాబట్టి రెండున్నర దాటుతుంది. యుద్ధకాలంలో తీసుకున్న ఒక నిర్ణయం ఎనభై ఏళ్లు దాటినా అక్కడి పిల్లలను చీకట్లో నిద్రలేపుతోంది.

చైనా సంగతి ఇంకా విచిత్రం. తూర్పు నుంచి పడమరకు 60 డిగ్రీలకు పైగా పరుచుకున్న దేశం. పూర్వం అయిదు మండలాలు ఉండేవి. 1949 తర్వాత అన్నింటినీ కలిపి బీజింగ్ సమయం ఒక్కటే చేశారు. పడమటి చివర కష్గర్‌లో లెక్కప్రకారం అసలు మధ్యాహ్నం బీజింగ్ గడియారంలో 2 గంటల 56 నిమిషాలకు. అక్కడి జనం ఏం చేశారు? రెండు గంటలు వెనక ఉన్న తమ సమయాన్ని తామే పెట్టుకున్నారు. రైలు, విమానం, ప్రభుత్వ కార్యాలయం ఒక సమయంలో. ఇల్లు, సంత, స్నేహితులు ఇంకో సమయంలో. ఎవరైనా ఫలానా గంటకు కలుద్దాం అంటే, ఏ సమయం అని అడగాలి. బ్రిస్టల్ గడియారంలోని రెండో ముల్లు ఇక్కడ మళ్లీ మొలిచింది చూశారా? దేశం ఒప్పుకోకపోయినా మొలిచింది.

భారతదేశంలో తూర్పు కొసకూ పడమటి కొసకూ సూర్యోదయంలో దాదాపు రెండు గంటలు తేడా. అస్సాం తేయాకు తోటల్లో దేశ సమయం కన్నా ఒక గంట ముందుండే తోట సమయం ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. తోటలో పని వెలుతురుతో మొదలవ్వాలి కాబట్టి. దేశానికి రెండు మండలాలు కావాలని శాస్త్రవేత్తలే 2018లో ప్రతిపాదించారు. నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ, అంటే దేశానికి అధికారిక సమయం చెప్పే సంస్థ శాస్త్రవేత్తలే. ఇది ఎవరో మూలన కూర్చుని చేస్తున్న వాదన కాదని చెప్పడానికే ఈ ముచ్చట.

శరీరం ఏ సమయం చూస్తుంది?

మీరు అడగవచ్చు, గడియారంలో ఏ అంకె ఉంటే ఏమిటి, అలవాటు పడిపోతాం కదా అని. అక్కడే అసలు సమస్య. మనం అలవాటు పడతాం, శరీరం పడదు.

మన కంటి లోపల, చూపుకు ఉపయోగపడే కణాలు కాక, వెలుతురు ఎంత ఉందో మాత్రమే చెప్పే కణాలు వేరే ఉన్నాయి. అవి మెదడులోని ఒక చిన్న కణాల గుంపుకు కబురు పంపుతాయి. శరీరంలోని గడియారాలన్నింటికీ ఆ గుంపే పెద్ద. వెలుతురు అందకపోతే ఆ గడియారం 24 గంటల కన్నా కొంచెం ఎక్కువ తీసుకుని తిరుగుతుంది, రోజురోజుకూ వెనకబడుతుంది. ఉదయపు వెలుతురు దాన్ని ముందుకు జరుపుతుంది. సాయంత్రపు వెలుతురు వెనక్కి జరుపుతుంది. ఈ గడియారం కణం లోపల జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు ఒక మండలం పడమటి అంచున ఉన్న ఊరిని ఊహించండి. అక్కడ సూర్యుడు గడియారం ప్రకారం ఆలస్యంగా ఉదయిస్తాడు, ఆలస్యంగా అస్తమిస్తాడు. సాయంత్రం వెలుతురు ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నిద్ర ఆలస్యంగా వస్తుంది. మరి ఉదయం బడి? ఆఫీసు? అవి గడియారం ప్రకారమే, తూర్పు అంచున ఉన్న ఊరితో సమానంగానే మొదలవుతాయి. ఆలస్యంగా పడుకున్నవాడు అదే గంటకు లేవాలి. మధ్యలో కోత పడేది దేనికి? నిద్రకే. అమెరికాలో మండలాల సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నవారిని పోల్చి చూసిన ఒక అధ్యయనంలో ఈ కోత సగటున 19 నిమిషాలని తేలింది. 19 నిమిషాలు చిన్నవి అనిపిస్తాయి. ప్రతి రాత్రీ, ఏళ్ల తరబడి, లక్షల మందికి అంటే చిన్నవేనా?

అందులోనూ ఎక్కువ నష్టం పిల్లలకు, మరీ ముఖ్యంగా పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు. ఆ వయసులో శరీరపు గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. అది బద్ధకం కాదు, క్రమశిక్షణ లేకపోవడం కాదు. తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ ఇక్కడ చాలామంది ఉన్నారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఉదయం మొదటి పీరియడ్‌లో కునికే పిల్లవాడిని తిట్టకండి. అతని శరీరంలో ఇంకా తెల్లవారలేదు.

ఏడాదికి రెండుసార్లు గడియారం తిప్పే దేశాలు ఉన్నాయి కదా, వాటి అనుభవం చూస్తే మనకు చాలా తెలుస్తుంది. వేసవికి ముందు గంట ముందుకు జరుపుతారు, అది వేసవి సమయం. చలికాలానికి ముందు మళ్లీ వెనక్కి తెస్తారు, అది ప్రామాణిక సమయం. ఈ ఆలోచనను 1895లో న్యూజిలాండ్‌లో జార్జ్ హడ్సన్ అనే కీటక శాస్త్రవేత్త ముందుకు తెచ్చాడు. ఉద్యోగం అయ్యాక పురుగులు సేకరించడానికి సాయంత్రం వెలుతురు కావాలి ఆయనకు. 1916లో యుద్ధం మధ్యలో బొగ్గు ఆదా కోసం జర్మనీ మొదట అమలు చేసింది, మిగతావాళ్లు వెంట నడిచారు. ఇది రైతుల కోసం పెట్టిందని ఒక మాట వ్యాప్తిలో ఉంది. అది తలకిందుల మాట. అమెరికాలో రైతులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1919లో అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిపుచ్చి కాంగ్రెస్ దీన్ని రద్దు చేసింది. ఆవుకు గడియారం తెలియదు, పొలంలో మంచు సూర్యుడు వస్తే గానీ ఆరదు. రైతుకు గంట మారితే నష్టమే.

పోనీ ఆదా అయినా అయిందా? అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 2006లో మిగిలిన జిల్లాలకు కూడా ఈ పద్ధతి పెట్టినప్పుడు ఇళ్ల కరెంటు వాడకం లెక్కగట్టారు. దీపాలకు తగ్గింది, ఎయిర్ కండిషనర్లకు అంతకు మించి పెరిగింది. మొత్తం మీద దాదాపు ఒక శాతం ఎక్కువే ఖర్చయింది.

అయితే ఏడాదంతా వేసవి సమయంలోనే ఉండిపోతే గొడవ ఉండదు కదా అంటారు కొందరు. సాయంత్రం వెలుతురు ఎవరికి ఇష్టం ఉండదు? వినడానికి బాగుంటుంది. కానీ చేసి చూశారండీ. బ్రిటన్ 1968 నుంచి 1971 దాకా చేసింది. చలికాలం ఉదయాల చీకటి భరించలేక పార్లమెంటులో ఆపేశారు. ఆపాలని 366 ఓట్లు, వద్దని 81. అమెరికా చమురు సంక్షోభంలో 1974 జనవరిలో మొదలుపెట్టింది. పిల్లలు చీకట్లో బడికి వెళుతున్నారని గోల లేచింది. 1975 ఏప్రిల్ దాకా అనుకున్నది ఆ అక్టోబరులోనే సవరించారు. రష్యా 2011లో మొదలుపెట్టి 2014లో వెనక్కి తీసుకుంది. మూడు దేశాలు, మూడు కాలాలు, ఒకటే ఫలితం. సాయంత్రం వెలుతురు కావాలని కాగితం మీద ఓటు వేసిన మనిషి, ఉదయం చీకట్లో నిద్రలేచాక మనసు మార్చుకున్నాడు. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఏం కావాలి? యూరప్ పార్లమెంటు కూడా గడియారాలు తిప్పడం ఆపాలని 2019లో తీర్మానించింది. కానీ ఆపి ఏ సమయంలో ఉండాలన్న దగ్గర దేశాలు ఏకాభిప్రాయానికి రాలేకపోయాయి. తిప్పడం సాగుతూనే ఉంది.

మరి ఏం చేద్దాం? ఇక్కడ రెండు కొసలు ఉన్నాయి, రెండూ నాకు ఒప్పుకోలు కావు.

ఒక కొస, ప్రపంచమంతా ఒకే గడియారం. మండలాలు వద్దు, అందరికీ ఒకే అంకె. ఒక ఊళ్లో తెల్లవారు 6 అయితే ఇంకో ఊళ్లో తెల్లవారు 17, అంతే కదా అంటారు. కానీ ఆలోచించండి. దూరదేశంలో ఉన్న కూతురికి ఫోను చేయాలి. గడియారంలో మీకూ తనకూ ఒకటే అంకె. కానీ తను నిద్రపోతోందా, మేలుకుని ఉందా? ఆ అంకె చెప్పదు. మళ్లీ ఒక పట్టిక చూడాలి. అంటే మండలాలు పోలేదు, పేరు మారింది, అంతే. పైగా పసిఫిక్ మధ్యలో ఉన్నవారికి మిట్టమధ్యాహ్నం తేదీ మారుతుంది. ఉదయం సోమవారం, భోజనం అయ్యాక మంగళవారం. ఒకే గడియారం ఎలా ఉంటుందో చైనా ఇప్పటికే చేసి చూపించింది. కష్గర్ జనం జవాబు కూడా ఇప్పటికే చెప్పారు.

రెండో కొస, ప్రతి ఊరికీ మళ్లీ తన సూర్యుడి సమయం. యంత్రాలు లెక్క చూసుకుంటాయి కాబట్టి సాధ్యమే. కానీ పక్క ఊరికీ మన ఊరికీ 3 నిమిషాల తేడా ఎవరికి కావాలి? నోటితో చెప్పుకునే సమయం ఇద్దరికీ ఒకటి కావాలి. శరీరం 3 నిమిషాల తేడా పట్టించుకోదు. గంట తేడాను మాత్రం క్షమించదు. ఆ లెక్కను బట్టే మనం గీత గీయాలి.

నా అభిప్రాయం ఇది. గడియారం రెండు పనులు చేస్తోంది. దూరంగా ఉన్నవారిని కలపడం ఒకటి. దగ్గరున్నవారి రోజును నడపడం రెండోది. రైళ్ల కాలంలో మొదటి పని కోసం రెండోదాన్ని బలిపెట్టాం. ఇప్పుడు మొదటి పని యంత్రాలది. వాటి సమయం ఇప్పటికే సూర్యుణ్ణి వదులుకుంటోంది తెలుసా? పరమాణు గడియారాలకూ భూభ్రమణానికీ తేడా వచ్చినప్పుడల్లా 1972 నుంచి ఒక్కో సెకను కలుపుతూ వచ్చారు. ఇప్పటికి 27 సార్లు. కంప్యూటర్లకు అది ఇబ్బందిగా ఉందని, 2035 నాటికి ఆ పద్ధతి మానేయాలని 2022లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. మంచిదే. యంత్రాలు వాటికి కావలసిన సమయం పెట్టుకున్నాయి. మనుషులు మనకు కావలసింది పెట్టుకోవద్దా?

కాబట్టి మొదటిది, ఏ ప్రాంతంలోనైనా సూర్యుడి మధ్యాహ్నానికీ గడియారం 12కూ మధ్య సగటున అరగంటకు మించి తేడా ఉండకూడదు. మించితే అక్కడ మండలం గీత మార్చాలి. పెద్ద దేశాలకు ఒకటికి మించి మండలాలు కావాలి, అందులో ఐకమత్యానికి వచ్చే లోటేమీ లేదు. గడియారాలు తిప్పడం ఆగాలి, ఆగి ప్రామాణిక సమయంలోనే నిలవాలి. వేసవి సమయంలో కాదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. బడి గంట, ఆఫీసు గంట ఎక్కడికక్కడ నిర్ణయం కావాలి. రాజధానిలో ఒక ఉత్తర్వు రాసి, సూర్యుడు గంటన్నర తర్వాత వచ్చే ఊరికి కూడా అదే పంపడం అన్యాయం. ఇది అయ్యే పనేనా అంటే, కాలిఫోర్నియా చేసింది. హైస్కూళ్లు ఉదయం 8.30 కన్నా ముందు మొదలవకూడదని చట్టం చేసి, 2022 నుంచి అమలు చేస్తోంది. అక్కడ గడియారాన్ని ముట్టుకోలేదు, గంట కొట్టే సమయాన్ని మార్చారు. ఒక జిల్లా తన సూర్యోదయాన్ని చూసుకుని చలికాలంలో బడి అరగంట ఆలస్యంగా తెరిస్తే ఎవరికి నష్టం? బడికీ ఆఫీసుకూ పొంతన కుదరదంటారు. రెండింటినీ నిర్ణయించేది అదే ఊరివాళ్లయితే ఎందుకు కుదరదు?

బడి గంట మార్చుకునే వీలుంటే మండలాలతో పనేముంది అని ముందు వరుసలో ఒకరు తల ఊపుతున్నారు. న్యాయమైన ప్రశ్న. అంకెకు బలం ఉంది. తొమ్మిది అని ఒకసారి ఉత్తర్వులో రాస్తే అది డెబ్భై ఏళ్లు అలాగే ఉంటుంది. ఎవరూ మార్చరు. స్పెయిన్‌లో భోజనం సూర్యుణ్ణి వెతుక్కుంటూ ఆలస్యంగా జరిగింది, ఎందుకంటే అది ఇంటివాళ్ల చేతిలో ఉంది. ఉద్యోగం మొదలయ్యే గంట మాత్రం అంతగా జరగలేదు. అందుకే రెండూ కావాలంటున్నాను.

ఇంకొక్కటి. ఏ మార్పు అయినా కనీసం ఏడాది ముందు చెప్పాలి. లెబనాన్‌లో 2023 మార్చిలో గడియారాలు మార్చే రోజుకు రెండు మూడు రోజుల ముందు ప్రభుత్వం వాయిదా వేసింది. కొన్ని సంస్థలు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. ఒక చిన్న దేశంలో, ఒకే వీధిలో, రెండు సమయాలు. కొద్ది రోజుల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సమయం అనేది నమ్మకం మీద నడిచేది. రాత్రికి రాత్రి దాన్ని కదిలించే హక్కు ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు.

నా లెక్క పనిచేయని చోటు ఒకటుంది, అది దాచను. ఆర్కిటిక్ వలయానికి పైన చలికాలంలో వారాల తరబడి సూర్యుడు ఉదయించడు, వేసవిలో అస్తమించడు. అక్కడ సూర్యోదయాన్ని బట్టి బడి తెరవండి అనడానికి అర్థం లేదు. అక్కడివారు దీపాల వెలుతురుతో, తమ ఒప్పందాలతో రోజును కట్టుకోవాలి, ఆ పద్ధతి వాళ్లే తేల్చుకోవాలి. రాత్రి పాళీలో పనిచేసే నర్సులకు, కాపలాదారులకు కూడా నేను చెప్పిన మండలాల సవరణ ఏమీ చేయదు. వారికి పాళీలు మార్చే పద్ధతిలోనే మార్పు రావాలి. ఆ రంగంలో పనిచేస్తున్నవారు ఈ సభలో ఉన్నారని విన్నాను. ముందు వారి మాట విని, తర్వాత మిగతా ప్రశ్నలకు వద్దాం. వెనక వరుసలో చెయ్యి ఎత్తారు, చెప్పండమ్మా.